ఫారంలో మూడు గళ్ళు, మన ఇంటిపేరు, రోమన్ల శనగగింజ

ఢిల్లీలో ఏ ఫారం చేతిలోకి తీసుకున్నా మొదట పలకరించేవి మూడు గళ్ళు. ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్. పక్క సీట్లో కూర్చునే శర్మగారికో గుప్తాగారికో అక్కడ ఆలోచించాల్సింది ఏమీ ఉండదు. తెలుగువాడికి మాత్రం కలం అక్కడే ఆగుతుంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, వాళ్ళ లెక్కలో అది 'లాస్ట్'. అసలు పేరు రెండు ముక్కలు, ఒక్కోసారి మూడు. చివర రావో, రెడ్డో, శాస్త్రో ఉంటే అది పేరులో భాగమా, ఇంటిపేరా, కులవాచకమా అన్నది ఆ గళ్ళు గీసినవాడికి తెలియదు. మనం కూడా క్యూలో వెనకవాళ్ళు తొందరపెడుతుంటే ఏదో ఒకటి రాసేస్తాం. ఆ 'ఏదో ఒకటి' ముప్పై ఏళ్ళ తర్వాత ఏ డిపాజిట్ క్లెయిము దగ్గరో మళ్ళీ ఎదురవుతుంది.

మూడు ముక్కల పేరు అనగానే చరిత్ర చదివినవాళ్ళకు గుర్తొచ్చేది పాత రోమ్. ఇప్పటి ఫారం గళ్ళు నేరుగా అక్కడి నుంచి రాలేదు. రోమన్ పద్ధతి సామ్రాజ్యంతోపాటే చెదిరిపోయింది, యూరప్‌లో ఇంటిపేర్లు మధ్యయుగాల్లో మళ్ళీ కొత్తగా మొలిచాయి. కానీ ఒక మనిషి పేరులో అతని ఇల్లు, తండ్రి, ఊరు, హోదా అన్నీ ఇరికించి ప్రభుత్వ రికార్డులో రాసుకోవాలన్న తాపత్రయం రోమన్లకు ఎంత ఉండేదో చూస్తే, మన కేవైసీ ఏమంత కొత్తది కాదనిపిస్తుంది. ఆ పేర్లను కాస్త దగ్గరగా చూస్తే మన ఇంటిపేర్లు కూడా బాగా అర్థమవుతాయి.

జూలియస్ సీజర్ అని మనం పిలిచే మనిషి పూర్తి పేరు గయస్ జూలియస్ సీజర్. గయస్ అన్నది సొంత పేరు. జూలియస్ వంశం పేరు. సీజర్ ఆ వంశంలో ఒక శాఖ పేరు. అంటే మనం ఆయనను ఇన్నేళ్ళుగా వంశం పేరుతోనూ శాఖ పేరుతోనూ పిలుస్తున్నాం తప్ప అసలు పేరు పలకనే లేదు. ఢిల్లీ ఆఫీసుల్లో తెలుగువాళ్ళను ఇంటిపేరుతో పిలిచినట్టే ఉంది సంగతి.

వింత ఏమిటంటే ఆ సొంత పేర్ల సంఖ్య చాలా తక్కువ. గణతంత్రం చివరి రోజుల్లో సామాన్యంగా వాడుకలో ఉన్నవి సుమారు 18. మార్కస్, లూసియస్, పబ్లియస్, టైటస్ లాంటివి. క్వింటస్ అంటే ఐదోవాడు, సెక్స్టస్ అంటే ఆరోవాడు, డెసిమస్ అంటే పదోవాడు. మగపిల్లవాడు పుడితే తొమ్మిదో రోజున, ఆడపిల్లకు ఎనిమిదో రోజున శుద్ధి చేసి పేరు పెట్టేవారు. మన పదకొండో రోజు బారసాలకు దూరపు చుట్టం లాంటి వేడుక. కాకపోతే పేరు వెతకడానికి అక్కడ పెద్దగా శ్రమ లేదు. పెద్ద కొడుక్కి సాధారణంగా తండ్రి పేరే. మనం తాతగారి పేరు మనవడికి పెట్టుకుంటాం, వాళ్ళు మధ్యలో ఒక తరం ఆగలేదు, అంతే తేడా.

పేర్లు అన్ని తక్కువ కాబట్టి పూర్తిగా రాసే ఓపిక కూడా పోయింది. 'ఎం' అని రాస్తే మార్కస్, 'ఎల్' అంటే లూసియస్, 'క్యూ' అంటే క్వింటస్. గయస్‌కు మాత్రం 'జి' కాదు, 'సి'. లాటిన్ లిపిలో మొదట్లో గ-ధ్వనికి కూడా 'సి' అక్షరమే వాడేవారు. తర్వాత 'జి' అక్షరం పుట్టింది, కానీ పొడి అక్షరం మాత్రం పాతదే ఉండిపోయింది. బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇది లెగసీ డేటా. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు రికార్డుల్లో 'రావు'ను ఆర్-ఓ-డబ్ల్యూ అని రాసినవి చూసినవాళ్ళకు ఈ బాధ ఎలాంటిదో చెప్పక్కర్లేదు.

ఇలా ఇంటినిండా ఒకే పేరువాళ్ళుంటే ప్రభుత్వానికి గుర్తుపట్టడం ఎలా? సిసిరో అనే మహావక్త అధికారిక నామధేయం చూడండి: మార్కస్ టులియస్, మార్కస్ కొడుకు, మార్కస్ మనవడు, కోర్నేలియా తెగ, సిసిరో. మూడు తరాలూ మార్కస్సే. పెళ్ళిపీటల దగ్గర పురోహితుడు ముత్తాత, తాత, తండ్రి పేర్లు గోత్రంతో కలిపి చదువుతుంటే విన్నట్టు లేదూ! దక్షిణ ఇటలీలో హెరాక్లియా అనే చోట దొరికిన క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు కంచు ఫలకం మీద జనగణన అధికారులకు ఇచ్చిన ఆదేశం ఉంది. ప్రతి పౌరుడి వంశనామం, సొంత పేరు, తండ్రి పేరు లేదా దాస్యం నుంచి విడిపించిన యజమాని పేరు, తెగ, శాఖనామం, వయసు, ఆస్తి వివరం నమోదు చేయాలట. ఫొటో, సంతకం తప్ప మన ఖాతా తెరిచే ఫారంలో ఇంకేం మిగిలింది?

ఇక సిసిరో అన్న మాట దగ్గరికి వద్దాం. లాటిన్‌లో 'కికెర్' అంటే శనగగింజ. వాళ్ళ పూర్వీకుడొకరి ముక్కు కొసన శనగగింజ మీది గీతలాంటి నొక్కు ఉండేదని, అందుకే ఆ పేరు వచ్చిందని ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత చెబుతాడు. యువకుడు రాజకీయాల్లోకి దిగుతుంటే స్నేహితులు, ఈ శనగల పేరు వదిలేసి ఏదైనా గంభీరమైనది పెట్టుకోమన్నారు. ఆయన ఒప్పుకోలేదు, రోమ్‌లో పెద్ద పెద్ద పేర్లకంటే దీన్నే ఎక్కువ ప్రసిద్ధం చేస్తానన్నాడు. తర్వాత సిసిలీలో ఖజానా అధికారిగా ఉండగా దేవుడికి ఒక వెండి పాత్ర సమర్పించాడు. దాని మీద మార్కస్ టులియస్ అన్న రెండు పేర్లూ చెక్కించి, మూడో పేరు ఉండాల్సిన చోట శనగగింజ బొమ్మ వేయించాడు. నాకు రోమన్ చరిత్రలో ఇంతకంటే ఇష్టమైన సంతకం లేదు.

రోమన్ శాఖనామాల్లో సగం ఇలా వెక్కిరింపుగా పుట్టినవే. క్రాసస్ అంటే లావుపాటివాడు. స్ట్రాబో మెల్లకన్నువాడు. కవి ఒవిడ్ శాఖనామం నాసో, అంటే ముక్కు. రూఫస్ ఎర్రనివాడు. పౌలస్ పొట్టివాడు. పొలం, వంటిల్లు కూడా వదల్లేదు. చిక్కుడు జాతి గింజ నుంచి ఫేబియస్, మసూరుపప్పు నుంచి లెంటులస్ వచ్చాయని రోమన్లే చెప్పుకునేవారు. సీజర్ అంటే దట్టమైన జుట్టు అని ఒక వివరణ. ఆ ఇంట పుట్టిన అతి ప్రసిద్ధుడికి మాత్రం బట్టతల, దాన్ని కప్పుకోవడానికి ఆకుల కిరీటం పెట్టుకోవడమంటే ఆయనకు మహా ఇష్టమట. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్న మన సామెత రోమన్లకు చెబితే వెంటనే అర్థమయ్యేది.

మన ఇంటిపేర్ల జాబితా తీయండి. గడ్డం, మీసాల, బుర్రా, ఎర్రా, నల్లా, నక్కా, పిల్లి, కాకి, ఉప్పు, పప్పు, నేతి, కందుల, మిరియాల. ఢిల్లీలో పుట్టి పెరిగిన మన పిల్లలకు స్కూల్లో ఎవరో వీటి అర్థం అడిగితే సిగ్గుపడతారు. అలా సిగ్గుపడే పిల్లలకు పొట్టి శ్రీరాములుగారి పేరు చెప్పాలి. 'పొట్టి' ఇంటిపేరు. 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టి, 58 రోజుల తర్వాత డిసెంబరు 15న ప్రాణం విడిచిన మనిషి ఆయన. ఆ పేరు చెబితే ఇప్పుడు ఎవరికీ ఎత్తు గుర్తు రాదు. సిసిరో శనగకు ఏం చేశాడో ఆయన పొట్టి అన్న మాటకు అంతకంటే ఎక్కువ చేశారు.

ఇంకో పెద్ద రాశి ఊరి పేర్లది. పల్లి, పాడు, పూడి, కొండ, వరం, కూరు అని ముగిసే ఇంటిపేర్లన్నీ ఎప్పుడో వదిలి వచ్చిన ఊరి చిరునామాలు. ఈ విషయంలో మనం రోమన్లకంటే బాగా దాచుకున్నాం. కందుకూరి వీరేశలింగం 1848లో రాజమహేంద్రవరంలో పుట్టారు, కందుకూరు ఎక్కడో ప్రకాశం వైపు ఉంది. గురజాడ కృష్ణా జిల్లాలో ఊరు, అప్పారావుగారి జీవితంలో ఎక్కువ భాగం విజయనగరం. వలస వెళ్ళిన కుటుంబం ఆస్తి వదిలినా ఊరి పేరు వదల్లేదన్న మాట. మయూర్ విహార్లోనో నోయిడాలోనో మూడో తరం పెరుగుతున్న ఇళ్ళలో ఆ ఊరు చూసినవాళ్ళు ఎవరూ ఉండకపోవచ్చు, ఆధార్ కార్డు మీద మాత్రం అది రోజూ తిరుగుతూనే ఉంటుంది.

గెలుపుతో వచ్చే నాలుగో పేరు కూడా రోమ్‌లో ఉండేది. పబ్లియస్ కోర్నేలియస్ సిపియో క్రీస్తుపూర్వం 202లో జామా దగ్గర హానిబాల్‌ను ఓడించాక ఆఫ్రికానస్ అయ్యాడు. మన టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శనలో తుపాకుల ముందు గుండె చూపి ఆంధ్రకేసరి అయ్యారు. ఇలాంటి పేర్లు ఏ గడిలో రాయాలన్నది అదృష్టవశాత్తూ బ్యాంకు సమస్య కాదు.

పేరును శిక్షగా తీసేయడం కూడా రోమన్లకు తెలుసు. సిసిరోను క్రీస్తుపూర్వం 43లో చంపించి తలా చేతులూ సభావేదిక మీద పెట్టించినవాడు మార్క్ ఆంటోనీ. పదమూడేళ్ళ తర్వాత ఆంటోనీ ఓడి, చచ్చాడు. అప్పుడు కాన్సుల్ పదవిలో ఉన్నది సిసిరో కొడుకు, మరో మార్కస్. ఆయన పదవీకాలంలోనే సెనేటు ఆంటోనీ విగ్రహాలు తీయించి, ఇకమీదట ఆంటోనియస్ వంశంలో ఎవరికీ మార్కస్ అన్న పేరు పెట్టకూడదని తీర్మానించిందని ప్లూటార్క్ రాశాడు. కొన్ని ఇళ్ళలో 'ఆ పేరు మాకు అచ్చిరాలేదు' అని పెద్దవాళ్ళు అంటారు కదా, దానికి సెనేటు ముద్ర వేసినట్టు.

ఢిల్లీకి వస్తే, రాష్ట్రపతి భవన్‌లో తెలుగు మాతృభాషగా ఉన్న ముగ్గురు కాపురమున్నారు. ముగ్గురి పేర్లూ మూడు అచ్చుల్లో పోసినవి. 1962 నుంచి 1967 దాకా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని ఊరు, కుటుంబం స్థిరపడింది తిరుత్తణి ప్రాంతంలో. అందుకే పేరు చివర తమిళపు 'న్'. ఉత్తరాదివారు 'ఎస్' అంటే తండ్రి పేరు కాబోలు అనుకుంటారు, తమిళుల పద్ధతి అది. 1969 నుంచి 1974 దాకా వరాహగిరి వెంకటగిరిగారు. ఉత్తరాదిలో గిరి అన్నది ఇంటిపేరుగానే ఉంది, అందుకని 'గిరీజీ' అనడం వాళ్ళకు తేలికైంది. నోయిడా సెక్టార్ 24లో ఆయన పేరున ఉన్న జాతీయ శ్రామిక సంస్థ ముందు నుంచి రోజూ ఎందరో వెళ్తుంటారు, గిరి ఆయన ఇంటిపేరు కాదని ఎందరికి తెలుసు? మూడోవారు 1977 నుంచి 1982 దాకా నీలం సంజీవరెడ్డిగారు. రోమన్ పద్ధతికి దగ్గరగా ఉన్నది ఈయన పేరే. ఇంటిపేరు, సొంత పేరు, సామాజికవర్గపు పేరు, మూడూ విడివిడిగా కనిపిస్తాయి. వరుస మాత్రం వేరు. ప్రధానమంత్రి పాములపర్తి వెంకట నరసింహారావుగారిని ఇంగ్లీషు పత్రికలు అయిదేళ్ళూ 'మిస్టర్ రావ్' అనే రాశాయి. ఆంధ్ర, తెలంగాణలు మొత్తం ఆయనను 'పీవీ' అంది. అంటే మనం ఇంటిపేరు మొదటి అక్షరమూ పేరు మొదటి అక్షరమూ కలిపి మనిషిని పిలుచుకుంటాం, వాళ్ళు అందరికీ ఉన్న తోకను పట్టుకుంటారు.

ఈ తోక సంగతి రోమ్‌లోనూ జరిగింది, అక్కడ అది చాలా పెద్ద ఎత్తున జరిగింది. క్రీస్తుశకం 212లో కరకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలో స్వతంత్రులైన దాదాపు అందరికీ పౌరసత్వం ఇచ్చాడు. కొత్త పౌరులు ఆ పౌరసత్వం ఇచ్చినవారి వంశనామం పెట్టుకోవడం ఆచారం. ఆయన అధికారిక నామం మార్కస్ ఆరీలియస్ ఆంటోనైనస్. దాంతో ఈజిప్టు నుంచి సిరియా దాకా లక్షలాదిమంది ఆరీలియస్‌లు అయిపోయారు. అందరికీ ఒకటే వంశనామం అయ్యాక అది ఎవరినీ గుర్తుపట్టించదు. క్రమంగా రోమన్ మూడు పేర్ల పద్ధతికి అర్థం లేకుండా పోవడంలో దీని వంతు కూడా ఉంది. మన పిల్లల లాస్ట్ నేమ్ గడిలో ఇంటిపేరు పొడవని వదిలేసి 'రావు' అనో 'కుమార్' అనో రాసినప్పుడల్లా ఒక చిన్న 212 జరుగుతోందని నా అభిప్రాయం. ఒక తరంలో కంప్యూటర్‌కు తేలిక, రెండో తరంలో ఇంటిపేరు ఏమిటని ఎవర్నో అడగాలి.

సీజర్ పేరు మాత్రం ఇంకో దారి పట్టింది. ఆక్టేవియస్ అనే మేనకోడలి కొడుకును సీజర్ వీలునామాలో దత్తత తీసుకున్నాడు. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు ఒక్కరోజులో గయస్ జూలియస్ సీజర్ అయ్యాడు. ఆస్తికంటే ఆ పేరే అతనికి ఎక్కువ పనికొచ్చింది, సీజర్ సైనికులు ఆ పేరు వెంట నడిచారు. క్రీస్తుపూర్వం 27లో ఆగస్టస్ అన్న బిరుదు కూడా వచ్చింది. అతని దత్తపుత్రుడు టైబీరియస్ తర్వాతి చక్రవర్తుల కాలానికి సీజర్ అన్నది ఇంటిపేరు పోయి హోదా అయింది. ఆగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు మిరియాలకూ మేలిబట్టలకూ ధరగా మన నేల దాకా వచ్చాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో అలాంటివి కుప్పగా దొరికాయి. టైబీరియస్ నాణెం అంచున 'టైబీరియస్ సీజర్, దివ్యుడైన ఆగస్టస్ కొడుకు' అన్న అర్థం వచ్చే పొడి అక్షరాలు ఉంటాయి. కొడుకు అన్న మాటకు ఒక్క 'ఎఫ్' అక్షరమే. మన ఫారాల్లో 'సన్ ఆఫ్' గుర్తు వేసినట్టే నాణెం మీద కూడా! ఆ సీజరే జర్మనీలో కైజర్, రష్యాలో జార్. 1877 జనవరి 1న ఇదే ఢిల్లీలో దర్బారు చేసి విక్టోరియా రాణికి 'కైసర్-ఎ-హింద్' అని ప్రకటించారు. బురాడీ దారిలోని కొరొనేషన్ పార్కు ఉన్నది ఆ దర్బారు మైదానంలోనే. ఒక ఇటలీ కుటుంబం ముద్దుపేరు అంత దూరం నడిచి వచ్చింది.

ఇప్పటివరకు చెప్పినవన్నీ మగవాళ్ళ పేర్లే. ఆడవాళ్ళ విషయంలో రోమన్లు పిసినారులు. సిసిరో టులియస్ వంశంవాడు కాబట్టి కూతురు టులియా. ఇద్దరు కూతుళ్ళుంటే పెద్ద, చిన్న. మార్క్ ఆంటోనీ కూతుళ్ళలో ఒకరికి మించి ఆంటోనియాలే, చరిత్రకారులు పెద్ద ఆంటోనియా, చిన్న ఆంటోనియా అని విడదీసుకోవాలి. సీజర్ అక్కచెల్లెళ్ళిద్దరూ జూలియాలే, కూతురూ జూలియానే. మూడో అమ్మాయి పుడితే టెర్షియా, అంటే మూడోది.

కానీ ఒక్క విషయంలో మనకంటే నయం. పెళ్ళయితే రోమన్ స్త్రీ పేరు మారదు. సిసిరో భార్య టెరెన్షియా. ముప్పై ఏళ్ళు కాపురం చేసి, విడాకులు పొందాక కూడా ఆమె టెరెన్షియానే. పుట్టింటి వంశనామం చచ్చేదాకా ఆమెదే. మన అమ్మాయికి సొంత పేరు బంగారంలాంటిది పెడతాం, ఇంటిపేరు మాత్రం పెళ్ళితో మార్చేస్తాం. చదువు సర్టిఫికెట్ల మీద ఒకటి, అత్తవారింటి రేషన్ కార్డు మీద ఇంకొకటి.

రోమ్‌లో ఆగస్టస్ వారసులు రాజ్యం చేస్తున్న ఆ శతాబ్దాల్లోనే మన శాతవాహనులు ఇంకో పద్ధతి పెట్టుకున్నారు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి. రాజు పేరు ముందు తల్లి. నాసిక్ గుహలో పులుమావి 19వ పాలన సంవత్సరంలో కొడుకు విజయాలు చెక్కించి పెట్టినది గౌతమీ బాలశ్రీ, శాతకర్ణి తల్లి. ఇందులో బాలశ్రీ ఆమె సొంత పేరు, గౌతమి పుట్టింటి గోత్రం. టులియా అన్నట్టే గౌతమి. తేడా ఏమిటంటే ఆమెకు బాలశ్రీ అన్న రెండో పేరు కూడా ఉంది, ఆమె గోత్రం కొడుకు నాణేల మీదకు ఎక్కింది. తర్వాత నాగార్జునకొండ ఇక్ష్వాకులు కూడా మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు అంటూ అదే దారిలో నడిచారు. తల్లి పేరు రికార్డులో తప్పనిసరి చేయడం కొత్త సంస్కరణ అనుకునేవాళ్ళు ఆ శాసనాలు ఒకసారి చూడాలి.

ఢిల్లీలో ఈ మాటకు వస్తే మెట్రో పింక్ లైన్ ఎక్కాలి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ అని స్టేషన్ ఉంది. మరాఠీ మహిళ కాబోలు అనుకుని దిగిపోయేవాళ్ళే ఎక్కువ. 1909లో రాజమహేంద్రవరంలో పుట్టిన తెలుగు ఆడపడుచు ఆమె. రాజ్యాంగ సభ చర్చల్లో ఆమె పేరు 'జి. దుర్గాబాయి'. ఆ 'జి' గుమ్మిడిదల. ఇక్కడి తెలుగు పిల్లల చదువు కోసం 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టింది కూడా ఆ పేరుతోనే. 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌గారిని పెళ్ళాడారు. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరుగా పనిచేసి, అప్పటికి ఆర్థికమంత్రిగా ఉన్న ఆయన గురించి మన బ్యాంకు కుటుంబాలకు వేరే చెప్పక్కర్లేదు. స్టేషన్ బోర్డు మీద ఉన్నది ఆ తర్వాతి పేరు.

బానిసల పేర్ల కథ కూడా ఒక్కమాట. విడుదలైన బానిస యజమాని మొదటి రెండు పేర్లూ తీసుకుని తన పాత పేరు చివర పెట్టుకునేవాడు. సిసిరో కార్యదర్శి టైరో అలా మార్కస్ టులియస్ టైరో అయ్యాడు. స్వేచ్ఛతోపాటు యజమాని ముద్ర కూడా జీవితాంతం. అటువంటి విముక్తుల ఇళ్ళలోంచే చాలామంది వడ్డీ, వేలం వ్యాపారులు వచ్చారు. మన వృత్తివాడొకడు వాళ్ళలో బాగా తెలిసినవాడు. పాంపేయి నగరంలో లూసియస్ సెసిలియస్ యుకుండస్ అనే బ్యాంకరు. యుకుండస్ అంటే ప్రసన్నుడు. ఆ ఊరు 79లో వెసూవియస్ బూడిద కింద పోయింది. 1875లో అతని ఇల్లు తవ్వితే 150కి పైగా చెక్క పలకలు దొరికాయి. మైనం పూసి దాని మీద గీసిన రసీదులవి. వేలంలో అమ్మిన సొమ్ము ఇంత, కమిషను పోను ఇచ్చింది ఇంత, ముట్టింది అని. ప్రతి రసీదుకు సాక్షుల పేర్లు, ముద్రలు. హోదా ఉన్నవాడి పేరు ముందు, తక్కువవాడిది తర్వాత. అంత జరిగినా ఆ పేర్లలో చాలా చదవడానికి వీలుగా మిగిలాయి. ఎవరికి ఎంత ముట్టిందో పందొమ్మిదివందల ఏళ్ళ తర్వాత కూడా చెప్పగలుగుతున్నామంటే, సాక్షి పేరు పూర్తిగా రాయించిన ఆ మనిషి చలవే.

మా వైపు శాఖల్లో అది అంత తేలిగ్గా జరగదు. యమున అవతల ఒక శాఖలో జరిగిన సంగతి చెబుతాను. ఉద్యోగరీత్యా ఢిల్లీ వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక పెద్దాయన పోయారు. ఖాతాలో పేరు రెండు ఇనిషియళ్ళు, తర్వాత ఒక ముక్క. మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు చివరకు వెళ్ళింది. నామినీ గడిలో 'లక్ష్మి' అని ఒక్క మాట. ఆమె ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాన్‌లో భర్త పేరు చివరి ముక్క. లక్ష్మిలో ఒకచోట 'కె-ఎస్-హెచ్', ఇంకోచోట 'ఎక్స్'. ఆమెకు హిందీ రాదు, కౌంటరులో ఉన్న కుర్రవాడికి తెలుగు రాదు. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్లు, ఊరి నుంచి కాగితాలు, కొడుకు రెండుసార్లు సెలవు. డబ్బు ఆమెదే, చివరకు ఆమెకే వచ్చింది. ఆ నాలుగు నెలలూ ఇంటి అద్దె ఎవరు కట్టారో నేను అడగలేదు.

కాగితాల వ్యాకరణం తెలుసుకుంటే ఇందులో చాలా భాగం తప్పుతుంది. ఆధార్‌లో పేరుకు ఒకటే గడి, ఏ వరుసలోనైనా రాయొచ్చు, కానీ పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. పాన్ దరఖాస్తులో మూడు గళ్ళు, లాస్ట్ నేమ్ ముందు అడుగుతుంది, అందులో పొడి అక్షరాలు ఒప్పుకోదు. పాన్ నంబరులో అయిదో అక్షరం ఆ లాస్ట్ నేమ్ మొదటి అక్షరమే. అందుకే తండ్రి 'రావు' అని, కొడుకు ఇంటిపేరు అని నింపిన ఇళ్ళలో ఇద్దరి పాన్‌లు వేర్వేరు అక్షరాలతో కనిపిస్తాయి. పాస్‌పోర్టులో రెండే గళ్ళు, గివెన్ నేమ్, సర్‌నేమ్. ఒకటి ఖాళీగా వదిలితే అమెరికా వీసా మీద 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్' అన్న మూడు పొడి అక్షరాలు వచ్చి కూర్చుంటాయి. అక్కడి మన పిల్లల్లో ఎందరో ఆ మూడక్షరాలనే పేరుగా మోసుకు తిరిగారు.

దక్షిణాది స్పెల్లింగు ఇంకో తంటా. సీత, గీత, లలితల్లో మనం 'టి' పక్కన 'హెచ్' పెడతాం. ఢిల్లీ కంప్యూటర్ దాన్ని హిందీలోకి మార్చి 'గీథా' అంటుంది. ఇప్పుడు నెఫ్ట్, ఆర్టీజీఎస్ పంపేముందు అవతలివారి ఖాతా పేరు తెరమీద కనిపిస్తోంది కాబట్టి, ఒక్కసారి ఇంట్లోవాళ్ళందరి పేర్లు అక్కడ ఎలా ఉన్నాయో చూసుకోవడం మంచి పని. పేరే మార్చుకోవాలంటే భారత ప్రభుత్వ గెజిట్‌లో ప్రకటన వేయాలి. ఆ ప్రచురణ విభాగం మన సివిల్ లైన్స్‌లోనే ఉంది. ఊళ్ళో ఉన్నవాళ్ళకంటే మనకు ఆ ఒక్క సౌకర్యం ఎక్కువ.

నామినీ గురించి. సంస్కృతంలో నామం, లాటిన్‌లో నోమెన్, రెండూ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. నామినేషన్ ఆ నోమెన్ నుంచే పుట్టింది. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్ ఖాతాలకు నలుగురు దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఒక్కొక్కరికి ఎంత శాతమో కూడా చెప్పొచ్చు. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, వారసుల హక్కులు వేరే. అందుకునే మనిషి ఎవరో తేలాలంటే ఆ గడిలో 'లక్ష్మి' అన్న ఒక్క మాట చాలదు. ఆమె ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే రాయాలి, ఇంటిపేరు ముందుంటే ముందే. పెళ్ళయిన కూతురు నామినీ అయితే ఆమె పేరు మారిందా, ఏ కాగితంలో మారిందో ఫోన్ చేసి కనుక్కుని రాయండి. ఆ ఫోను ఈ ఆదివారమే చేయొచ్చు, ఎలాగూ ఆదివారం పిల్లలతో మాట్లాడతాం.